బ్రిడ్జ్‌లో ‘బిడ్’ని ‘పాట’ అంటే సరిపోతుందా? మరి ‘కన్వెన్షన్’కి ఏ మాట? (మాట్లాడేవాళ్ళంతా విశాఖ వైపు వాళ్ళే, పేర్ల బదులు ఊళ్ళూ పేటలూ.)

ఎంవీపీ కాలనీ:
బ్రిడ్జ్ పేకాట కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం నాలుగు పేజీల తెలుగు పాఠం తయారవుతోంది. ముక్కల పేర్లకి లోటు లేదు: కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు. బ్రిడ్జ్‌లో కింది నుంచి పైకి వరస కూడా ఇదే. తురుపు ఎలాగూ ఉంది. చిక్కంతా బిడ్డింగ్ దగ్గరే, అంటే నలుగురూ తలో ముక్క వేసే పట్లు (ట్రిక్కులు) ఎన్ని గెలుస్తామో, ఏది తురుపో ఆటకి ముందు వేలం వేసుకునే దగ్గర. ‘బిడ్’కి ‘పాట’, ‘కన్వెన్షన్’కి, అంటే జట్టులో ఇద్దరూ ముందే అనుకున్న అర్థం ఉన్న పాటకి, ‘సంకేతం’ అని పెట్టాం. ‘రిలే’కి (జోడీని ప్రశ్నించే పాటకి) ఏదీ దొరక్క అలాగే ఉంచేశాం. ఒక వాక్యం చూడండి (‘జోడీ’ అంటే మన పార్ట్‌నర్, ‘నో ట్రంప్’ అంటే తురుపు లేని ఆట): “జోడీ 1 నో ట్రంప్ పాడాక 2 డైమన్లు పాడటం, నా దగ్గర ఆఠీన్లు ఉన్నాయని సంకేతం.” ఎలా ఉంది?

భీమిలి:
‘పాట’ బాగుంది, మార్చకండి. వేలంపాట, హెచ్చుపాట, పాటదారు అన్నీ వాడుకలో ఉన్నవే. చేపల రేవులోనూ, అనకాపల్లి బెల్లం యార్డులోనూ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పక్కమాట ఒకటి. ‘వేలం’ పోర్చుగీసు ‘లెయిలావ్’ నుంచి వచ్చింది. ‘కళావరు’ డచ్చి ‘క్లావర్’. అంటే మూడాకుల గడ్డిమొక్క, ముక్క మీద బొమ్మ అదే. ‘ఆఠీను’ వాళ్ళ ‘హార్టెన్’. మా ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, పేకలో వాళ్ళ మాటలు మాత్రం ఇంకా బతికే ఉన్నాయి.

పాటల కార్డులుండే ‘బిడ్డింగ్ బాక్స్’ని ‘పాటల పెట్టె’ అని మాత్రం అనకండి, రేడియో అనుకుంటారు.

సీతమ్మధార:
నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది చిన్నది. వేలంలో పాడిందే ధర. బ్రిడ్జ్‌లో పాడిన అంకెకి 6 కలిపితే గెలవాల్సిన ట్రిక్కులు వస్తాయి, అంతవరకూ పోలిక కుదురుతుంది. కానీ మీ ఉదాహరణలోని 2 డైమన్లకీ చేతిలోని డైమన్లకీ సంబంధమే లేదు. 5 గాని అంతకన్నా ఎక్కువ గాని ఆఠీన్లున్నాయి, నువ్వు 2 ఆఠీన్లు పాడు అని దాని అర్థం. ఎందుకింత తిప్పుడంటే, తురుపుని మొదట పాడినవాడే ఆట ఆడతాడు, అతని జోడీ ముక్కలు బల్ల మీద పరుస్తారు. 1 నో ట్రంప్ పాడినవాడిది 15–17 పాయింట్ల (ఆసు, రాజు లాంటి పెద్ద ముక్కల లెక్క) బలమైన చెయ్యి, అది ఆట ఆడేవాడి దగ్గరే మూసి ఉండాలి, బల్ల మీద పరుచుకోకూడదు. ఓపెన్ చేసినవాడు (మొదట పాడినవాడు) ఈ సంగతి మరిచి పాస్ (పాడకుండా వదిలేయడం) అన్నాడో, ఒక్కోసారి రెండు చేతుల్లో కలిపి నాలుగు డైమన్లతో 8 ట్రిక్కుల కోసం తంటాలు పడాలి.

రెండోది పెద్దది. ‘సంకేతం’లో గుట్టు వాసన ఉంది. సంకేతస్థలం అంటే నలుగురికీ తెలియకుండా కలుసుకునే చోటు. బ్రిడ్జ్‌లో అది నేరం. మన పాటకి ఏ అర్థం ఉందో అవతలి జట్టుకీ తెలియాలి. మన పద్ధతుల కార్డు మీద రాసి పెట్టాలి, కృత్రిమమైన పాట రాగానే జోడీ ‘అలర్ట్’ చెయ్యాలి (అవతలివాళ్ళని హెచ్చరించాలి), అడిగితే పూర్తిగా చెప్పాలి. ‘సంకేతం’ అని నేర్పితే మొదటిరోజే దొంగాట నేర్పినట్టు.

లాసన్స్ బే:
అయితే ‘సంజ్ఞ’? బాలవ్యాకరణంలో మొదటి పరిచ్ఛేదం పేరే అది. అక్కడ ‘కళ’ అంటే సంగీతమూ కాదు, శిల్పమూ కాదు, ద్రుతం (చివరి నకారం) లేని మాట అంతే. లోకంలో ఉన్న అర్థాన్ని పక్కన పెట్టి శాస్త్రకారుడు అందరి ముందూ కొత్త అర్థం కట్టబెట్టాడు. కన్వెన్షన్ చేసే పనీ అదే.

సీతమ్మధార:
తర్కం ఒప్పుకుంటాను. కానీ వ్యాకరణం చదవనివాడికి సంజ్ఞ అంటే సైగే. కళ్ళెగరేయడం, దగ్గడం గుర్తొస్తాయి. అది సంకేతం కన్నా ప్రమాదం.

గాజువాక:
‘కట్టుపాట’ అనండి. కట్టుబాటులో ‘కట్టు’ ఒకటి, కట్టుకథలో ‘కట్టు’ ఇంకొకటి. ముందే అనుకున్నదీ, పైకి కనబడే అర్థం లేనిదీ – కన్వెన్షన్‌కి ఈ రెండు గుణాలూ ఉండాలి. దానికి ఎదురు ‘సూటిపాట’: ఇస్పేట్లు పాడితే ఇస్పేట్లు ఉన్నట్టే. కట్టుపాటల పేర్లు మాత్రం పేర్లుగానే ఉంచండి. స్టేమన్, బ్లాక్‌వుడ్ లాంటివి అనువదించే మాటలు కావు. స్టేమన్ పాట కట్టింది నిజానికి జార్జ్ రపే, 1945లో దాని గురించి రాసిన శామ్యూల్ స్టేమన్ పేరు అంటుకుంది.

‘కాంట్రాక్ట్’కి (చివరి పాటతో ఖాయమైనదానికి) ‘ఒప్పందం’ అని రాసి ఉంటే, జోడీల మధ్య అనుకున్నదానికి మళ్ళీ ‘ఒప్పందం’ వాడొద్దు. ఒకే పేజీలో రెండూ వస్తే చదివేవాడు తికమక పడతాడు.

ఎంవీపీ కాలనీ:
కట్టుపాట ఖాయం. ‘నో ట్రంప్’ని ‘నిస్తురుపు’ అందామా అని ఒకరు అడుగుతున్నారు.

లాసన్స్ బే:
సంస్కృతం ముక్కకి తెలుగు మాట అతికిస్తే వైరి సమాసం అని పేరు పెట్టి మరీ తిట్టారు పెద్దలు. నో ట్రంపే ఉంచండి. ‘రిలే’కి మాత్రం తెలుగులో రెడీగా ఉన్న మాట ‘అడుగు’. రిలే అంటే తన చేతి గురించి ఏమీ చెప్పకుండా, అన్నిటికన్నా చవకైన తర్వాతి పాట పాడి జోడీని ప్రశ్నించడం. జోడీ 1 ఆఠీను అంటే 1 ఇస్పేటు, 2 కళావర్లు అంటే 2 డైమన్లు. ఒక్క అడుగు వేయడమూ, అడగడమూ ఒకే మాటలో వచ్చేశాయి. ‘అడుగుపాట’ అనండి.

భీమిలి:
దానికి జవాబు ‘చెప్పుపాట’ అనకుండా ఉంటే చాలు. అడుక్కి చెప్పు తొడిగినట్టుంటుంది.

లాసన్స్ బే:
😀 ‘జవాబు పాట’ చాలు. ఛందస్సు ఇష్టమున్నవాళ్ళకి ఇంకో సంగతి. చెప్పేవాడికి మిగిలిన మెట్లను (పైన ఖాళీగా ఉన్న ఒక్కో పాట ఒక్కో మెట్టు) బట్టి ఎన్ని రకాల చేతులు విడివిడిగా చెప్పొచ్చో లెక్క వేయండి. 1 మెట్టుంటే 1, 2 ఉంటే 2, 3కి 3, 4కి 5, 5కి 8, 6కి 13. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలుగా ప్రస్తారం వేస్తే (అన్ని రకాలుగా పేర్చి చూస్తే) వచ్చేవీ ఇవే అంకెలు. 4 మాత్రలకి గగ, గలల, లగల, లలగ, లలలల – అయిదు. ఫిబొనాచీ కన్నా ఎంతో ముందే ఛందశ్శాస్త్రకారుడు విరహాంకుడు చూసిన లెక్క ఇది.

ఆటలో దీని ఉపయోగం: 10 మెట్లుంటే 89 రకాలు పడతాయి, కానీ సమంగా కాదు. మొదటి మెట్టు జవాబు కింద (దానికొకటి, మళ్ళీ అడగడానికొకటి పోగా 8 మెట్లు) 34, రెండో దాని కింద 21, మూడో దాని కింద 13. కాబట్టి తరచూ వచ్చే చేతులు మొదటి మెట్టు కింద పెట్టాలి. ‘గుర్తుంచుకోవడం తేలిక’ అని మెట్టుకి పది చొప్పున పంచితే పై మెట్ల దగ్గర చోటు చాలదు, 3 నో ట్రంప్ దాటిపోయాక గాని చేతి ఆకారం (ఏ రంగువి ఎన్ని ముక్కలో) తెలియదు. ఒక్క మెట్టు తప్పు లెక్కపెట్టినా ఆ తర్వాత ప్రతి జవాబూ ఒకటి జరిగిపోతుంది. జోడీకి అది తెలిసే దారి ఉండదు.

సీతమ్మధార:
అవతలివాళ్ళు ఊరుకోరు కూడా. ప్రెసిషన్‌లో (ఇదొక పాటల పద్ధతి) 1 కళావరు అంటే ఏ ఆకారమైనా 16 పాయింట్ల పైన, 1 డైమను జవాబైతే 0–7. 1 కళావరు మీద 34 పాటలకి చోటుంది. మధ్యలో అవతలివాడు 2 ఇస్పేట్లని దూకితే 26 మిగిలాయి. అడుగుపాటలు అక్కడ ఆగాలి. అడ్డు వచ్చాక పాస్‌కి అర్థమేంటి, డబుల్‌కి (పందెం రెట్టించడానికి) అర్థమేంటి అని ముందే అనుకోకపోతే పుస్తకమంతా వృథా.

‘పాస్’కి ‘ఊరుకోవడం’ అని రాసి ఉంటే జాగ్రత్త. పోలండ్, న్యూజిలాండ్ ఆటగాళ్ళు కట్టిన కొన్ని పద్ధతుల్లో మొదటి చేతి పాస్ అంటే 13 పాయింట్ల పైన ఉన్నట్టు. ఏమీ లేనివాడే తప్పనిసరిగా పాడాలి. ప్రపంచ బ్రిడ్జ్ సమాఖ్య అలాంటివాటిని పసుపు రంగు వర్గంలో పెట్టింది, మామూలు పోటీల్లో ఆడనివ్వరు. అలాగే జోడీ పాస్ అనకూడని ‘ఫోర్సింగ్’ పాటని ‘బలవంతపు పాట’ అనొద్దు, చెయ్యి బలమనుకుంటారు. ‘ఊరుకోరాని పాట’ అంటే సరి.

గాజువాక:
కట్టుపాట చోట ఇంకో రెండు వాక్యాలు కలపండి. బ్లాక్‌వుడ్: 4 నో ట్రంప్ పాడి ఆసులెన్నని అడిగితే 5 కళావర్లు అంటే ఆసు లేదు లేదా నాలుగూ ఉన్నాయి, 5 డైమన్లు ఒకటి, 5 ఆఠీన్లు రెండు, 5 ఇస్పేట్లు మూడు. తురుపు కళావరైనప్పుడు అడిగేముందు ఆలోచించాలి. ‘ఒకటి’ అని జవాబొస్తే 5 కళావర్ల దగ్గర ఆగే చోటు అప్పటికే దాటిపోయింది.

రెండోది: మన పాటకి జోడీ తప్పు అర్థం చెబితే ముఖం మార్చకూడదు, పాటల మధ్యలో దిద్దకూడదు. ఆడేది మన పక్షమైతే పాట ముగిశాక, మొదటి ముక్క పడకముందే డైరెక్టర్‌ని పిలిచి చెప్పాలి. అడ్డుకునే పక్షమైతే ఆట మొత్తం అయ్యాకే.

ఎంవీపీ కాలనీ:
మార్చిన వాక్యం: “జోడీ 1 నో ట్రంప్ పాడాక 2 డైమన్లు పాడటం కట్టుపాట. 5 ఆఠీన్లున్నాయి, నువ్వు 2 ఆఠీన్లు పాడు అని అర్థం. ఇది ఊరుకోరాని పాట.”

సీతమ్మధార:
“5 గాని అంతకన్నా ఎక్కువ గాని” అనండి. లేకపోతే 6 ఉన్నవాడు పాడటం మానేస్తాడు. 0 పాయింట్లతోనైనా పాడొచ్చని కూడా పక్కనే రాయండి.