గిన్నె చల్లారేదాకా ఆగాలా? మా ఇంట్లో దప్పళం తగాదా

పటమట కోడలు:
పోయిన ఆదివారం మా ఆడపడుచు కుటుంబం వచ్చింది. తొమ్మిది మందికి వండాను. గుమ్మడికాయ దప్పళం పెద్ద గిన్నెలో సగానికి పైగా మిగిలింది. మధ్యాహ్నం రెండింటికి భోజనాలు అయిపోయాయి. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టబోతే మా అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు. వేడి గిన్నె పెడితే ఫ్రిజ్ పాడవుతుందని, అడుగున చెయ్యి వేస్తే చల్లగా తగలాలని ఆవిడ నియమం. సరేనని గట్టు మీదే ఉంచాను. కబుర్లలో పడి రాత్రి తొమ్మిదింటికి గాని దాని సంగతి గుర్తు రాలేదు. అప్పటికీ అడుగు గోరువెచ్చగానే ఉంది. అలాగే ఎత్తి లోపల పెట్టాను. మర్నాడు పొద్దున మూత తీస్తే పైన సన్నటి నురగ, గరిటె ముంచితే బుడగలు. మొత్తం పారబోశాం.

ఇప్పుడు ఇంట్లో రెండు పక్షాలు. నా మతిమరుపు వల్లే అని అత్తగారు, అమ్మ మాట విన్నందుకే అని మా వారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బెజవాడ వంటింట్లో గిన్నె చల్లారడమంటే ఏమిటో నాకు అర్థం కావడం లేదు. అలమరలో బోర్లించిన ఖాళీ గిన్నె కూడా వెచ్చగానే తగులుతోంది. తెలిసినవారు చెప్పండి, వేడిగా పెట్టవచ్చా, కూడదా?

అరండల్‌పేట పెద్దాయన:
మీ అత్తగారిదే న్యాయం అమ్మా. మా ఫ్రిజ్ 1994లో కొన్నది, ఇవాళ్టికీ నడుస్తోంది. దానిలో ఏనాడూ వేడి గిన్నె పెట్టనివ్వలేదు, అదే కారణం. వేడి పెడితే మోటారు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది, పక్కనున్న పాలు విరుగుతాయి. అసలు మా అమ్మగారి కాలంలో ఫ్రిజ్ ఎక్కడిది? రాత్రి అన్నం పొద్దున చద్దన్నంగా తిని పొలానికి వెళ్లేవాళ్లం. ఎవరికీ ఏమీ కాలేదు.

కొరిటెపాడు తిండిపోతు:
మా ఇంట్లో ఈ సమస్య రాదు. ఏదీ మిగలదు.

లక్ష్మీపురం ఫిజిక్సు మాస్టారు:
పెద్దాయన గారు బిల్లు మాట ఎత్తారు కాబట్టి లెక్క వేసి చూద్దాం. రెండు కిలోల పులుసు 60 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు దిగాలంటే దానిలోంచి తీయాల్సిన వేడి సుమారు 250 కిలోజౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు. అంటే యూనిట్‌లో పద్నాలుగో వంతు. పైగా ఫ్రిజ్ తాను వాడుకునే కరెంటు కంటే ఎక్కువ వేడినే బయటికి తోడేస్తుంది. రోజూ ఒక గిన్నె చొప్పున పెట్టినా నెలకు రెండు యూనిట్లు దాటదు. తలుపు తెరిచి పట్టుకుని, ఏం తిందామా అని నిలబడి ఆలోచించే పిల్లల సంగతి ముందు చూడండి.

పాల విషయంలో మాత్రం ఆయన మాట కొట్టిపారేయలేను. వేడి గిన్నె తన చుట్టుపక్కల వాటిని కాసేపు వెచ్చబరుస్తుంది. అది నిజం.

సూక్ష్మజీవుల టీచరమ్మ:
నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. కోడలమ్మా, మీ గిన్నె ఏడు గంటలు బయట ఉంది. మిగతా వాదనలన్నీ దాని తర్వాతే.

వండిన పదార్థంలో సూక్ష్మజీవులు చురుగ్గా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. ఆ మధ్యలో ఎంత తక్కువసేపు గడిపితే అంత మంచిది. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బయటి వేడి 32 డిగ్రీలు దాటితే గంటకే లోపల పెట్టమని అమెరికా వ్యవసాయ శాఖ సూచన. మన వేసవిలో 32 డిగ్రీలంటే తెల్లవారుజాము లెక్క! కాబట్టి మనకు గంటే గడువు అనుకోండి.

ఇంకో మాట. నురగ వచ్చినందుకు సంతోషించండి. చెడిపోయానని అది చెప్పి మరీ చెడింది. అన్నం అలా చెప్పదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ కుక్కరులో ఉంటే మొలకెత్తి, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పోపు పెట్టి పులిహోర కలిపినా పోదు. వాసన చూసి బాగానే ఉందనుకుంటాం.

అరండల్‌పేట పెద్దాయన:
అయితే మా చద్దన్నం మాటేమిటి? పెద్దల మాట చద్దిమూట అన్నారు గాని చద్ది విషమని ఎవరూ అనలేదే.

సూక్ష్మజీవుల టీచరమ్మ:
బాబాయిగారూ, మీ అమ్మగారు రాత్రి అన్నాన్ని పొడిగా వదిలేశారా, కుండలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచారా? నీళ్లు పోసి పులియబెట్టిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ పులుపులో చెడ్డ బ్యాక్టీరియా చాలావరకు పెరగజాలదు. అది ఒక పద్ధతి ప్రకారం చేసిన వంట. కుక్కరులో మూత పెట్టి మరిచిపోయిన అన్నం వేరు. మనం చద్దన్నం పేరు చెప్పి ఈ రెండోదాన్ని వెనకేసుకొస్తున్నాం. ఇక ఎవరికీ ఏమీ కాలేదంటారా, ఆ రోజుల్లో రాత్రి వాంతులైతే దిష్టి తీసేవారు. అన్నాన్ని ఎవరు అనుమానించారు?

అరండల్‌పేట పెద్దాయన:
మజ్జిగే పోసేది. ఉల్లిపాయ నంజుకునేవాళ్లం. దిష్టి తీసిన మాట కూడా నిజమే.

సత్యనారాయణపురం మెకానిక్:
అత్తాకోడళ్ల మధ్య నేను వేలు పెట్టను గాని, ఫ్రిజ్ మధ్య పెట్టాలి. ముప్పై ఏళ్లుగా అదే నా తిండి. వేడి గిన్నె పెట్టినందుకు కంప్రెసర్ కాలిపోయిన ఫ్రిజ్‌ను ఇంతవరకు చూడలేదు. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు పోయినవి చూశాను. గోడకు ఆనించి, వెనక గాలి ఆడక ఉడికిపోయినవి చూశాను. ఫ్రీజర్‌లో పేరుకున్న మంచును చాకుతో పొడిచి, గొట్టానికి చిల్లు పెట్టి, గ్యాసు పోగొట్టుకున్నవి లెక్కలేనన్ని. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆ గ్యాసు మండే రకం, గుర్తుపెట్టుకోండి. మంచు ఎక్కువైతే డీఫ్రాస్ట్ బటన్ నొక్కి ఊరుకోవాలి, యుద్ధం చేయకూడదు.

అలాగని పొయ్యి మీదనుంచి దించి సరాసరి పెట్టమని అనను. చల్లటి గాజు అర మీద మరిగే గిన్నె పెడితే అర పగలవచ్చు. మూత లేకపోతే ఆవిరంతా లోపల మంచవుతుంది.

అమ్మా, మీ గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. గిన్నె లోతు ఎంత? లోతైన గిన్నెలో పులుసు నడిమి భాగం ఫ్రిజ్‌లో పెట్టినా గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి పెట్టారు కదా, మీ దప్పళం లోపల కూడా చాలాసేపు పులుస్తూనే ఉంది. అదే రెండంగుళాల లోతున వెడల్పు గిన్నెల్లోకి పంచి ఉంటే మీ అత్తగారి నియమమూ నెగ్గేది, మీ వారి తొందరా తీరేది.

మెకానిక్‌ను కాబట్టి ఇంకొన్ని చెప్పి పోతాను. తిప్పే మీట మీద 1, 2, 3 అని ఉండేవి డిగ్రీలు కావు. ఒకటి మీద పెట్టి ఒక డిగ్రీ చల్లదనం అనుకునేవారు చాలామంది. మామూలుగా అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. అసలు లోపల ఎంత ఉందో తెలియాలంటే గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు వేసి, మధ్య అరలో రాత్రంతా ఉంచి చూడండి. నాలుగు ఉంటే మంచిది. పోయిన నెల ఒకరింట్లో చూస్తే పదకొండు! ఎందుకంటే వెనక గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా కరివేపాకు సంచి, కొత్తిమీర కట్ట, మూడు రోజుల పెరుగన్నం ఇరికించి ఉన్నాయి.

మెకానిక్‌ను పిలవనక్కర్లేని ఇంకో పని. కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలిస్తే గ్యాసు కారుతోందని కంగారుగా ఫోను చేస్తారు. లోపల వెనక గోడ అడుగున శనగగింజంత రంధ్రం ఉంటుంది. కరిగిన నీరు దానిలోంచి వెనకనున్న పళ్లెంలోకి పోయి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోవాలి. మొన్న ఆ రంధ్రంలోంచి నేను తీసింది నల్లబడ్డ కరివేపాకు ఈనె ఒకటి, దాని చుట్టూ జిగురు. సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొట్టాను, అయిపోయింది. ఆ ఇంటి వాసన కూడా అక్కడిదే, నిమ్మచెక్కలు పెట్టినందువల్ల పోయేది కాదు.

తెనాలి ప్రకృతి ఆహారి:
ఇంత తలనొప్పి ఎందుకు? ఏ పూటకు ఆ పూట వండుకుంటే ఫ్రిజ్ అవసరమే లేదు. నిల్వ ఆహారం తినడమే రోగాలకు మూలం.

రోజూ గుంటూరు బస్సు:
అన్నయ్యా, మీ ఇంట్లో ఏ పూటకు ఆ పూట వండేది ఎవరో చెప్పండి ముందు. నేను పొద్దున అయిదున్నరకు లేచి, గుంటూరులో బస్సెక్కి, బెజవాడలో పనిచేసి, రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరతాను. ఆదివారం రుబ్బిన ఇడ్లీ పిండి, రెండు రోజులకు సరిపడే పప్పు, తొక్కు తీసిన వెల్లుల్లి డబ్బా ఇవే నన్ను నిలబెడుతున్నాయి. ఫ్రిజ్ తీసేస్తే ఆ భారం పడేది ఫ్రిజ్ మీద కాదు.

తెనాలి ప్రకృతి ఆహారి:
ఆరోగ్యం గురించి అన్నాను గాని ఎవరినీ నొప్పించడానికి కాదు.

రోజూ గుంటూరు బస్సు:
వండేది ఎవరో మాత్రం చెప్పలేదు.

సూక్ష్మజీవుల టీచరమ్మ:
ఆయన మాటలో ఒక పాలు నిజం ఉంది. ఫ్రిజ్ సూక్ష్మజీవులను చంపదు, నెమ్మది చేస్తుంది. లిస్టీరియా లాంటివి ఆ చలిలో కూడా మెల్లగా పెరుగుతాయి. వండిన కూర మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. కరెంటు పోయి వచ్చే ఇళ్లలో రెండు రోజులే నయమని నా అభిప్రాయం. తినబోయే ముందు కావలసినంతే తీసుకుని పొగలు వచ్చేదాకా కాచండి. గిన్నె మొత్తం కాచి, మళ్లీ చల్లార్చి, మళ్లీ పెట్టడం వద్దు. పచ్చి చేపలు, మాంసం మూతగట్టి కింది అరలో ఉంచండి, కారే నీరు కూర మీద పడకుండా. తలుపు దగ్గర అన్నిటికంటే వెచ్చగా ఉంటుంది. పాలు అక్కడ పెట్టి, విరిగాయని పాలవాడిని తిట్టకండి.

సింగ్‌నగర్ వాసి:
శుభ్రం చేయడం గురించి మాకంటే అనుభవం ఎవరికి ఉంటుంది! 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఇంట్లోకి వచ్చినప్పుడు మా ఫ్రిజ్ వెల్లకిలా తేలింది. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే వచ్చిన వాసన ఇప్పటికీ కలలోకి వస్తుంది. మా అమ్మ మాత్రం మూత గట్టిగా ఉన్న పచ్చడి డబ్బా బాగుందేమో చూడమంది. ప్లాస్టిక్ డబ్బా, మర మూత, దానిలోకి వరద నీరు దిగదని నమ్మకం ఏమిటి? ఏడుస్తూనే పారేసింది. అటక మీదున్న ఆవకాయ జాడీ ఒక్కటే మిగిలింది. ఆ నెలంతా దాన్నే దేవుడి ప్రసాదంలా పంచుకున్నాం.

ఫ్రిజ్‌ను తోమి తోమి చూశాను. గోడల మధ్య దూదిలాంటి దానిలో బురద నీరు దిగింది, వాసన పోలేదు. చివరికి పాత ఇనుపవాడికి ఇచ్చేశాం. కొత్తదానికి మాత్రం నెలకోసారి స్నానం తప్పదు.

సత్యనారాయణపురం మెకానిక్:
ఆ నెలలో నేను కూడా అలాంటివి చాలా చూశాను, సగానికి పైగా బాగుచేయలేదు. స్నానం ఎలా చేయిస్తారు? గాజు అరలను బయటికి తీసి కాసేపు ఆరనివ్వండి. చలి మీదున్న గాజు మీద వేడినీళ్లు పోస్తే పగులుతుంది.

సింగ్‌నగర్ వాసి:
ముందు ప్లగ్గు తీస్తాను. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంట సోడా. తలుపు రబ్బరు మడతల్లో పాత టూత్‌బ్రష్ తిప్పితే నల్లగా వస్తుంది, అదే బూజు. పొడిగుడ్డతో తుడిచి, రబ్బరు మధ్య నోటు పెట్టి తలుపు వేసి లాగుతాను. బిగువుగా రావాలి. ఇనుప పీచు వాడను.

పటమట కోడలు:
ఈ ఆదివారం మళ్లీ దప్పళమే పెట్టాను, కావాలని. తిన్నాక మిగిలినది మూడు వెడల్పు గిన్నెల్లోకి పంచాను. కొళాయి నీళ్లలో ఉంచుదామంటే డాబా మీది ట్యాంకు నీళ్లు స్నానానికి కాచినట్టు వస్తున్నాయి. అందుకని పెద్ద పళ్లెంలో కూజా నీళ్లు పోసి, మంచు ముక్కలు వేసి, గిన్నెలు దానిలో దింపి, ఫ్యాను కింద గరిటెతో తిప్పుతూ కూర్చున్నాను. అరగంటలో మా అత్తగారు వచ్చి అడుగున చెయ్యి వేసి చూశారు. "ఇదిగో, ఇలా చల్లారాక పెట్టమనే కదా నేను మొదటినుంచి చెబుతున్నది" అన్నారు. మా వారు గదిలోంచి "నేను చెప్పినట్టు గంటలోపే పెట్టారుగా" అన్నారు. మర్నాడు దప్పళం బాగుంది. ఎవరు గెలిచారో మా ఇంట్లో ఇంకా తేలలేదు.

అరండల్‌పేట పెద్దాయన:
ఆ మూడు గిన్నెలు తోమింది ఎవరమ్మా?

పటమట కోడలు:
మా వారు. ఆ షరతు మీదే పంచాను.

కొరిటెపాడు తిండిపోతు:
అన్నట్టు, ఏడాది కారం ఫ్రిజ్‌లో పెట్టాలా బయట పెట్టాలా? మా ఇంట్లో ఇది పెద్ద తగాదా.

అరండల్‌పేట పెద్దాయన:
బయటే. జాడీలో, మూతకు గుడ్డ కట్టి. ఇందులో చర్చకు తావు లేదు.

రోజూ గుంటూరు బస్సు:
బాబాయిగారూ, మన గుంటూరులోనే టిక్కీల కొద్దీ మిరపకాయలను శీతల గిడ్డంగుల్లో దాస్తారు, రంగు పోకూడదనే కదా? మేము నెలకు సరిపడా బయట ఉంచి, మిగతాది చిన్న డబ్బాల్లో లోపల పెడతాం. బయటికి తీసిన డబ్బా వెచ్చబడేదాకా మూత తీయం. లేకపోతే చెమ్మ పట్టి గడ్డ కడుతుంది.

అరండల్‌పేట పెద్దాయన:
మిరపకాయ వేరు, కారం వేరు. రేపు తీరిగ్గా రాస్తాను.