జయపురం నుంచి కాంగేర్ లోయకి: జలపాతం చూసి వచ్చేయకుండా ఇంకేం నడవొచ్చు?

రాయగడ_మాధవి:

అందరికీ నమస్కారం. మాది రాయగడ. డిసెంబరు రెండో వారంలో అమ్మ, నేను, మా తమ్ముడు మూడు రోజులు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కాంగేర్ లోయ నేషనల్ పార్కు చూద్దామనుకుంటున్నాం. జయపురంలో పిన్ని వాళ్ళింట్లో దిగి, కారులో జగదల్‌పూర్ మీదుగా వెళ్ళాలని ప్లాను. ఏ వీడియో చూసినా చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలే. అవి కాకుండా జనం తక్కువగా వెళ్ళే చోట్లు, అడవిలో కాస్త నడవగలిగే దారులు ఏమున్నాయో తెలిసినవాళ్ళు చెప్పండి. తమ్ముడికి నడకంటే ప్రాణం. అమ్మకి 58 ఏళ్ళు. మెట్లు ఎక్కగలదు గానీ, ఇరుకు చోట్లంటే ఊపిరాడదేమోనని టెన్షన్ పడుతుంది. గుహలు ఆవిడకి కుదురుతాయా?

కోరాపుట్_రవి:

మాధవి గారూ, అంత దూరం ఎందుకండీ? మన దేవమాలి ఎక్కండి. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. చలికాలం తెల్లవారుజామున వెళ్తే మంచు కింద లోయల్లో పాలు పోసినట్టు ఉంటుంది. కారు చాలా పైదాకా వెళ్తుంది కాబట్టి అమ్మగారికీ ఇబ్బంది ఉండదు. మూడు రోజుల్లో ఒక రోజు ప్రయాణానికే పోతే ఎలా?

జయపురం_మాస్టారు:

అమ్మా మాధవీ, రవి చెప్పిన దేవమాలి మంచి చోటే. కానీ అది ఒక పూటలో అయిపోతుంది, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. మూడు రోజులు చేతిలో ఉంటే కాంగేర్ లోయకే వెళ్ళండి. నేను జయపురంలో చాలా ఏళ్ళు సైన్సు చెప్పాను. పిల్లల్ని తీసుకుని కొన్నిసార్లు, చుట్టాలతో కొన్నిసార్లు, ఒక్కణ్ణే కొన్నిసార్లు ఆ లోయకి వెళ్ళాను.

ముందు ఆ లోయ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసుకోండి. 1982లో పార్కుగా ప్రకటించారు, 200 చదరపు కిలోమీటర్లు. పడమట తీరథ్‌గఢ్ దగ్గర మొదలై, తూర్పున మన కొలాబ్ ఒడ్డు దాకా సన్నగా పొడుగ్గా సాగుతుంది. కాంగేర్ నది దాని మధ్యలోంచి పారి కొలాబ్‌లో కలుస్తుంది. ఆ కొలాబే దిగువకి వెళ్ళి శబరి అయి, కూనవరం దగ్గర గోదాట్లో కలుస్తుంది. అంటే మీరు అక్కడ కాలు పెట్టే నీళ్ళు చివరికి గోదారి నీళ్ళే.

తీరథ్‌గఢ్ చూడొద్దని అనను. దాదాపు 300 అడుగుల నుంచి మెట్లుమెట్లుగా దిగే నీళ్ళు, చూడాల్సిందే. పొద్దున్నే ఎనిమిదింటికల్లా వెళ్ళండి, పదకొండు దాటితే పిక్నిక్ బస్సులు వచ్చేస్తాయి. అక్కణ్ణుంచి నేరుగా కుటుమ్‌సర్ గుహకి. దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

కొండ పక్కన ఒక నెర్రె ఉంటుంది. దాంట్లోంచి ఒంటిని పక్కకి తిప్పుకుని దిగాలి. మీ అమ్మగారికి కష్టమనిపించేది ఆ కొంచెం దూరమే. దిగాక లోపల పెద్ద పెద్ద గదులు, పైకప్పు లైటుకి అందనంత ఎత్తు. డిసెంబరులో బయట స్వెట్టర్లు వేసుకుని వెళ్ళినవాళ్ళకి లోపల చెమటలు పడతాయి, వెచ్చగా తేమగా ఉంటుంది. పైనుంచి మర్రి ఊడల్లా సున్నపు ఊడలు వేలాడుతుంటాయి, కిందనుంచి వాటికి ఎదురు స్తంభాలు లేస్తుంటాయి. వాన నీళ్ళు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు గాలిని (కార్బన్ డయాక్సైడ్) పట్టుకుని పలచని సోడా నీళ్ళలా తయారవుతాయి. అవి సున్నపురాతిని కరిగించుకుంటూ దిగి, పైకప్పు దగ్గర చుక్కగా ఆగినప్పుడు ఆ గాలి వదిలేస్తాయి. సున్నం అక్కడే పేరుకుంటుంది. చుక్క వెనక చుక్క, వేల ఏళ్ళు. 1950ల్లో శంకర్ తివారీ అనే ఆయన ఈ గుహని శ్రద్ధగా శోధించి బయటి ప్రపంచానికి చెప్పారు. లోపల ఉండే ఒక రకం కీచురాయికి శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు.

లోపల చిన్న నీటిగుంటలు ఉంటాయి. గైడుని అడిగితే గుడ్డి చేపని చూపిస్తాడు. వేలెడంత కూడా ఉండదు. ఒళ్ళంతా వెలిసిపోయిన తెలుపు, కాస్త గులాబీ రంగు. కన్ను ఉండాల్సిన చోట సూదిమొనంత మచ్చ. బయట వాగుల్లో ఇదే జాతి చేపకి కళ్ళు మామూలుగానే ఉంటాయి. వానల్లో వరదతో లోపలికి కొట్టుకొచ్చి, చీకట్లో తరతరాలు గడిపినవి ఇలా మారాయి. నేను గుంట పక్కన గొంతుక్కూచుని చూశాను. అది కదలకుండా రాతి మీద పడి ఉంది. నా పక్కనున్న పిల్లవాడు తెలియక నీళ్ళలో చిన్న గులకరాయి వేశాడు. అల దాన్ని చేరగానే రాయి కిందకి దూరిపోయింది. కళ్ళు లేకపోయినా నీటి కదలికని ఒంటితో పట్టేసింది. తరగతిలో ఏళ్ళ తరబడి బొమ్మ గీసి చెప్పిన పాఠం అది, నాకు ఆ గుంట దగ్గరే అర్థమైంది.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. 1994లో మొదటిసారి వెళ్ళినప్పుడు గైడు పెట్రోమాక్స్ లైటు ఎత్తిపట్టుకుని ముందు నడిచాడు. లోపల అక్కడక్కడ ఊడలు మసిబట్టి నల్లగా ఉన్నాయి. చేతికందే ఎత్తులో ఒక తెల్లటి ఊడ కనిపించింది, దీపం వెలుగులో పటికబెల్లంలా మెరుస్తోంది. స్కూల్లో పిల్లలకి చూపించొచ్చని కొన విరిచి జేబులో వేసుకున్నాను. బయటకొచ్చి తీసి చూస్తే మెరుపు పోయింది, మామూలు సుద్దముక్కలా ఉంది. మరుసటి రోజు తరగతిలో ఒక అమ్మాయి "సార్, అది మళ్ళీ పెరుగుతుందా?" అని అడిగింది. పెరుగుతుంది గానీ అంత పొడుగు కావడం మనమెవ్వరం చూడం అని చెప్పాల్సి వచ్చింది. ఆ ముక్క ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందుకని మీ తమ్ముడికి ముందే చెప్పండి: లోపల దేన్నీ ముట్టుకోవద్దు. చేతి చెమట, నూనె అంటినా చాలు, అక్కడ నీటిచుక్క సరిగా నిలవదు.

వానాకాలంలో ఈ గుహలోకి నీళ్ళొచ్చేస్తాయి, మూసేస్తారు. డిసెంబరులో ఆ బాధ లేదు. గేటు దగ్గర ఫారెస్టువాళ్ళ టిక్కెట్టు, గైడు తప్పనిసరి.

రాయగడ_మాధవి:

మాస్టారూ, చాలా థాంక్సండీ. మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "నెర్రె దగ్గర నేను బయటే కూచుంటాను, మీరు వెళ్ళి రండి" అంటోంది. ఆవిడ ఒక్కర్తే బయట కూచోవడం నాకిష్టం లేదు. తను కూడా చూడగలిగేవి ఏమైనా ఉన్నాయా? ఇంకోటి, ఆ దారి సేఫేనా అని నాన్న ఒకటే అడుగుతున్నారు.

సునాబెడ_సుజాత:

మాధవీ, మేం పోయినేడాది జనవరిలో వెళ్ళాం, మా అత్తగారు కూడా వచ్చారు. దారి సంగతి: 2013లో మావోయిస్టుల జీరం ఘాటీ దాడి జరిగింది ఆ జగదల్‌పూర్–సుక్మా రోడ్డు మీదే. అందుకే పెద్దవాళ్ళకి ఆ పేరంటే భయం. మేం వెళ్ళినప్పుడు బస్సులు, టూరిస్టు కార్లు మామూలుగా తిరుగుతున్నాయి. పగలే ప్రయాణం పెట్టుకున్నాం, చీకటి పడకముందే బస చేరాం. బయల్దేరే ముందు జగదల్‌పూర్‌లో ఒకసారి కనుక్కోండి.

మీరు హోటల్లో కాకుండా ధూడ్‌మారస్ ఊళ్ళో ఉండండి. పార్కు లోపలి ఊరు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మంచి పర్యాటక గ్రామాలుగా తీర్చిదిద్దడానికి ఎంచుకున్న ఊళ్ళలో ఇదొకటి. అక్కడి ధుర్వా తెగవాళ్ళ ఇళ్ళలోనే బస. మా అత్తగారు ఏం తింటారోనని కంగారుపడ్డాను. పొద్దున్నే మండియా అంబలి పెట్టారు. ఆవిడ ఒక గుక్క తాగి "ఇది మన చోడంబలే కదే!" అని ఇంకో గిన్నె అడిగి తాగారు. ధుర్వా వాళ్ళ మాట వింటుంటే మధ్యమధ్య తెలిసిన మాటలు తగులుతాయి. నీళ్ళని నీర్ అంటారు, కంటిని కన్ అంటారు. మా అత్తగారూ ఆ ఇంటి ముసలావిడా ఇద్దరికీ కామన్ భాష ఏదీ లేదు, అయినా ఒంటిమీద చెయ్యి పెట్టి చూపించుకుంటూ ఒక్కో మాటా పోల్చుకుంటూ గంట సేపు కూచున్నారు.

నదిలో వెదురు తెప్ప మీద తిప్పుతారు. అది పెద్దవాళ్ళు కూడా హాయిగా చేయొచ్చు. ఊరి కుర్రాడొకడు పొద్దున్న ఆరింటికి అడవిలోకి నడిపించాడు. అప్పుడు కనిపించింది కొండమైనా. మన గోరువంక కంటే పెద్దది, నల్లగా నిగనిగలాడుతుంది, కంటి వెనకనుంచి మెడ దాకా పసుపు తోలు అంచు కుట్టినట్టు ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అదే. మాట పలుకుతుందని పట్టుకుని పంజరాల్లో పెట్టి చాలా తగ్గించేశారు. ఇప్పుడు 'మైనా మిత్ర' పేరుతో అక్కడి కుర్రాళ్ళే గూళ్ళకి కాపలా కాస్తున్నారు. మమ్మల్ని నడిపించిన ఆ కుర్రాడు దాని ఈల వినగానే చెయ్యెత్తి మమ్మల్ని ఆపేశాడు, పది నిమిషాలు ఎవ్వరం కదల్లేదు.

జయపురం_మాస్టారు:

సుజాతమ్మ చెప్పినట్టే చేయండి. ధూడ్‌మారస్‌లో ఉంటే నేతానార్ గురించి కూడా అడగండి. 1910లో ఈ లోయ ఉన్న బస్తర్ ప్రాంతంలో భూమ్‌కాల్ తిరుగుబాటు నడిపిన గుండా ధుర్‌ది ఆ ఊరే. అడవిని రిజర్వు చేసి జనాన్ని దాంట్లోంచి తోసేస్తున్నారన్నది ఆ కోపానికి ఒక పెద్ద కారణం. మామిడి కొమ్మ, మిరపకాయలు, మట్టిగడ్డ, బాణం ఊరూరికీ పంపి కబురు చేశారు. తెల్లదొరలకి గుండా ధుర్ చివరిదాకా దొరకలేదు. ఈవేళ మనం టిక్కెట్టు కొనుక్కుని నడిచే అడవి ఎవరిదో, ఆ ఊరివాళ్ళ నోట విని మరీ నడవాలని నా కోరిక.

మీ తమ్ముడు నడిచేటప్పుడు చెట్లు చూస్తూ ఉండమనండి. ఉత్తరం నుంచి వచ్చే గుగ్గిలం అడవీ, దక్షిణం నుంచి వచ్చే టేకూ ఈ లోయలోనే కలుస్తాయి. కైలాస్ గుహ కొంచెం కొండెక్కాక వస్తుంది, 1993లో కనుక్కున్నారు. తెరిచి ఉందో లేదో గేటు దగ్గర అడగండి. కాంగేర్ ధార దగ్గర నది రాళ్ళ మీద చిన్న చిన్న మెట్లుగా పారుతుంది. అమ్మగారు చెప్పులు విప్పి కూచోడానికి అంతకన్నా మంచి చోటు లేదు. భైంసా దర్హా దగ్గర మాత్రం నీళ్ళలోకి దిగొద్దు, ఆ మడుగులో మొసళ్ళుంటాయి.

ఇక అమ్మగారి గుహ మాట. ఆవిడకి గుప్తేశ్వర్ చూపించండి. మూడో రోజు జయపురం వచ్చేసి, బోయిపరిగూడ, రామగిరి మీదుగా వెళ్ళండి, 60 కిలోమీటర్ల లోపే. అదీ సున్నపురాతి గుహే. మెట్లకి రెండువైపులా చంపక చెట్లు, పైన శివలింగం. అక్కడ ఇంకో గుహలో పైకప్పునుంచి దిగిన లావుపాటి ఊడని కామధేనువు పొదుగని పూజిస్తారు. దాని కొసనుంచి చుక్క పడేదాకా భక్తులు దోసిలి పట్టుకుని నిలబడతారు. కుటుమ్‌సర్‌లో నేను విరిచిందీ, ఇక్కడ జనం దండం పెట్టేదీ ఒకే రకం రాయి. ఆ చుట్టూ ఉన్న అడవిని 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. కిందకి దిగి కొలాబ్ ఒడ్డున నిలబడితే అవతల కనిపించేది మీరు చూసొచ్చిన లోయ వైపు అడవే. శివరాత్రికి బస్తర్ వాళ్ళు ఆ నది దాటే వస్తారు.

రామగిరి దాటాక నా ఫోనుకి ఎప్పుడూ సిగ్నల్ అందలేదు. పిన్నికి ముందే చెప్పి బయల్దేరండి.

రాయగడ_మాధవి:

మాస్టారూ, సుజాత గారూ, మొత్తం రాసి పెట్టుకున్నాను. దేవమాలి సంక్రాంతికి పెట్టుకుంటాం రవి గారూ. మాస్టారూ, ఒక్క మాట అడగనా? జయపురంలో మీ ఇంటికి వచ్చి ఆ ఊడ ముక్క చూడొచ్చా? తమ్ముడు చూస్తానంటున్నాడు.

జయపురం_మాస్టారు:

తప్పకుండా రండమ్మా. లోయకి వెళ్ళేముందే రండి. అతని చేతిలో పెడతాను. అది సుద్దలా ఎంత తేలిగ్గా ఉందో చూశాక, మిగతావి లోపల చూస్తాడు.