మహంతు తర్వాత వచ్చిన మహంతు ‘వారసుడు’ అవుతాడా?

గాంధీరోడ్డు:
మా వీధి కుర్రాళ్ళం కలిసి తిరుపతి పాత సంగతుల మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. అందులో నేను రాసిన వాక్యం ఇది (మహంతు అంటే మఠాధిపతి, విచారణకర్త అంటే గుడి పెత్తనం చూసేవాడు): ‘1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల గుడి పెత్తనాన్ని హథీరాంజీ మఠం మహంతు సేవాదాస్‌కి అప్పగించింది, 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా ఆయన వారసులే విచారణకర్తలుగా నడిపారు.’ ప్రూఫు చూసిన పెద్దాయన ‘వారసులే’ కింద ఎర్రగీత కొట్టి, బైరాగులకు వారసులేందయ్యా అని పక్కన రాశాడు. నాకైతే తప్పేమీ కనపడలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, పెత్తనం, మఠం ఆస్తులు అన్నీ వాళ్ళ చేతికే వచ్చాయి, వారసుడు కావడానికి ఇంకేం కావాలి?

రిటైర్డ్ గుమస్తా:
గీత సరిగ్గానే పడింది. తాలూకా ఆఫీసులో వారసుల కాగితమంటే పైన పోయిన మనిషి పేరు, కింద భార్య, కొడుకులు, కూతుళ్ళు. మహంతు పోతే ఆ కింద ఎవరి పేరు రాస్తావ్? పైగా మఠం భూమి మహంతు సొంతం కాదు, మఠానిది, ఆయన చూసుకునేవాడు అంతే. ఆయనకే సొంతం కానిది తర్వాతివాడికి వారసత్వంగా ఎట్లా వస్తుంది? ఉత్తరాధికారి అని రాయి, గొడవ ఉండదు.

చిత్తూరు తోతాపురి:
మీ ఆఫీసు కాగితంలో పట్టనంత మాత్రాన మాట చెల్లకుండా పోతుందా సార్? రాజకీయ వారసుడు అని రోజూ పేపర్లో చదువుతున్నాం. వారసత్వ సంపద అంటాం, మరి గుడిమల్లం లింగానికి మనమేమన్నా మనవళ్ళమా? ఉత్తరాధికారి అంటే మా ఊళ్ళో ఏ డిపార్టుమెంటు అని అడుగుతారు.

అలిపిరి మెట్లు:
నవ్వొచ్చింది గానీ, ఇద్దరూ కొండ మీద సంగతే వదిలేశారు. మహంతులు పెత్తనం చేసిన రోజుల్లోనే అదే గుళ్ళో అర్చకత్వం పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ కుటుంబాల మిరాశీగా ఉండేది. అది వంశంలో దిగే హక్కు. అచ్చమైన వారసత్వమంటే అదీ. 1987 చట్టంతో మిరాశీ రద్దయింది. అర్చకులు కోర్టుకెక్కితే 1996లో సుప్రీంకోర్టు, పూజ మతానికి సంబంధించిందే గానీ పూజారిని నియమించడం లౌకిక వ్యవహారమే అని చట్టాన్ని నిలబెట్టింది. అంటే అదే ఇంటి పిల్లవాడు అదే గర్భగుడిలోకి అడుగుపెట్టినా, ఆ హోదా పుట్టుకతో వచ్చింది కాదు, నియామకంతో వచ్చింది. 2007లో చట్టాన్ని మళ్ళీ సవరించారు, అదో పెద్ద కథ.

ఇక కొండ మీది వైష్ణవ మఠం జీయర్లు. పెద్ద జీయర్ పరమపదిస్తే చిన్న జీయర్ ఆ స్థానంలోకి వస్తారు. సన్యాసులు కాబట్టి అక్కడ కూడా రక్తసంబంధం లెక్కలోకి రాదు. ఒక్క గుళ్ళోనే ఇన్ని పద్ధతులున్నప్పుడు అందరినీ వారసులనే మాటతో చుట్టేస్తే, మహంతులు కూడా తండ్రీకొడుకులేమో అనుకోరా చదివేవాళ్ళు? నా అభ్యంతరం అదొక్కటే.

గాంధీరోడ్డు:
మిరాశీ ఉదాహరణ గట్టిదే అన్నా. కానీ నా ఇబ్బంది చూడు. ఈవో మారితే కొత్తాయన చార్జి తీసుకున్నాడంటాం, పాతాయనకూ కొత్తాయనకూ ఏ బంధమూ ఉండదు. మహంతుల విషయం అట్లా కాదు కదా, గురువు దగ్గర ఉండి, సేవ చేసి వచ్చినవాళ్ళు. ‘తర్వాత వచ్చినవారు’ అని రాస్తే బస్సులో సీటు ఖాళీ అయితే కూర్చున్నట్టుంటుంది.

రిటైర్డ్ గుమస్తా:
శిష్యులు అను. తెలుగులో లేదా ఆ మాట?

గాంధీరోడ్డు:
మఠం నిండా శిష్యులే సార్, గద్దెక్కేది ఒక్కడే.

పలమనేరు ఆడబిడ్డ:
మహంతుల లెక్క మీరు తేల్చుకోండి గానీ, గుమస్తా గారూ, మీ కాగితంలో కూతుళ్ళ పేర్లు ఉన్నంత తేలిగ్గా జనం నోట్లో ఉండవు. మా మేనమామకు ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దకర్మ భోజనాల్లో ఒక చుట్టం పప్పులో నెయ్యి కలుపుకుంటూ ‘వారసుడు లేని ఇల్లయిపోయింది పాపం’ అన్నాడు, ఆ నెయ్యి వడ్డిస్తున్నదే పెద్ద కూతురు. గిన్నె పక్క విస్తరికి పోనిచ్చింది గానీ ఏమీ అనలేదు. మన రాష్ట్రంలో కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ 1986లోనే చట్టం తెచ్చారు, అదీ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు, కాకపోతే అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించలేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణలో ఆ పెళ్ళి మెలిక లేదు. ఆ సవరణ వచ్చిన తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంత జరిగినా, పెళ్ళి చేసుకోని బైరాగి వారసుడు అవుతాడా కాదా అని ఇక్కడ ఇంత చర్చ, కడుపున పుట్టిన బిడ్డ మాత్రం విస్తళ్ళ దగ్గర లెక్కలోకే రాదు.

చిత్తూరు తోతాపురి:
అక్కా, ఆ చుట్టానికి రెండోసారి నెయ్యి వెయ్యకుండా ఉండాల్సింది.

గాంధీరోడ్డు:
‘ఆయన తర్వాత గద్దెనెక్కిన శిష్యులే, చివరి విచారణకర్త ప్రయాగదాస్ దాకా’ అని మార్చి పంపాను. నాకింకా ‘వారసులే’ బాగుందనిపిస్తోంది, అది వేరే సంగతి.

రిటైర్డ్ గుమస్తా:
గద్దె రాజులకు. మఠానికి పీఠం.