ఏడో తరగతిలో ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అని చెప్పడం మానేద్దామా?

పలక_బలపం:
ఎనిమిదో తరగతి పేపర్లలో ఒకే తప్పు మూడు వేషాల్లో తగులుతుంది. (చరరాశికి ‘య’ అని రాస్తున్నా. భాస్కరాచార్యుడు తెలియని రాశిని యావత్తావత్ అని, పొట్టిగా ‘యా’ అని రాసుకున్నాడు. మనకీ చెల్లుతుంది.)

3య = 12 ఇస్తే య = 12 – 3 = 9.
–3య = 12 ఇస్తే య = 12/3 = 4. ఇదేంట్రా అంటే, ‘మైనస్ అటు వెళ్తే ప్లస్ అవుద్ది కద సార్’.
5 – య = 2 ఇస్తే –య = –3 దాకా సరిగ్గా వచ్చి, జవాబు య = –3.

మూడూ ‘పక్షాంతరం’ (సంఖ్యని ‘=’కి అటువైపు మార్చడం) పుణ్యమే. సంఖ్య గోడ దూకి అవతలికి పోతుందనీ, దూకేటప్పుడు చొక్కా మార్చుకుంటుందనీ పిల్లాడి లెక్క. నేననేది, ఏడులో ఆ మాటే వద్దు. త్రాసు బొమ్మతో మొదలుపెట్టి, ప్రతి మెట్టులో ‘రెండువైపులా 3 తీసేశాం’, ‘రెండువైపులా 2తో భాగించాం’ అని పక్కన రాయించాలి. 20 లెక్కలయ్యాక ఆ రాత మానేసినా నష్టం లేదు. ఏమంటారు?

ఫౌండేషన్_సార్:
త్రాసు ముచ్చట రెండు పీరియడ్లు బాగానే ఉంటుంది మాస్టారూ. మూడో పీరియడ్‌లో య – 5 = –8 వస్తుంది. దాన్ని తక్కెడలో ఎక్కించి చూపించండి. మైనస్ 8 కిలోలు ఏ కొట్లో అమ్ముతారు?

పైగా 2య + 3 = 11ని మీ పద్ధతిలో చేస్తే ఐదు వరుసలు, పక్షాంతరంతో రెండు. పోటీ పరీక్షలో లెక్కకి నిమిషం కూడా ఉండదు. పక్షాంతరంలో తప్పేమీ లేదు, సగం చెప్పి వదిలేయడమే తప్పు. ‘కూడిక వెళ్తే తీసివేత, గుణకారం వెళ్తే భాగహారం, గుణకం (య ముందున్న సంఖ్య) గుర్తు గుణకంతోనే ఉంటుంది’ అని మూడు ముక్కలూ చెప్తే –3య = 12 దగ్గర ఎవడూ పడడు.

ఏడో_తరగతి_అమ్మ:
స్కూల్లో త్రాసు, ట్యూషన్‌లో అటూ ఇటూ. పాప ఏది రాస్తే మార్కులొస్తాయండీ?

హారం_లవం:
ఇద్దరూ మూడో అంతస్తు దగ్గర కొట్టుకుంటున్నారు, పునాది చూడట్లేదు. ఏడో తరగతి పిల్లలకి ఈ ఒక్క ప్రశ్న ఇవ్వండి:

8 + 4 = □ + 5

డబ్బాలో 12 రాస్తే, వాడికి ‘=’ అంటే ‘జవాబు ఇక్కడ రాయి’ అని అర్థం. 17 రాస్తే కనిపించినవన్నీ కూడేశాడని. 7 రాసినవాడికే సమీకరణం మొదలుపెట్టాలి. నోటుబుక్కులో 3 + 5 = 8 × 2 = 16 అని గొలుసు కట్టేదీ ఈ జబ్బే. ఒకటో తరగతి నుంచి కుడివైపు ఖాళీ తప్ప మరోటి చూడని పిల్లాడికి త్రాసూ ఒకటే, పక్షాంతరమూ ఒకటే.

రెండోది భిన్నాలు. య/2 + య/3 = 10 ఇస్తే 2య/5 అని రాసేవాడికి సమీకరణం రాక కాదు. లవం లవం, హారం హారం కూడేశాడు, అంతే. క.సా.గు. 6 తెలిస్తే 5య/6 = 10, య = 12 అని వాడే చేస్తాడు. (2య + 6)/2లో రెండు రెళ్ళు కొట్టేసి య + 6 అనేదీ భిన్నం జబ్బే. లవం మొత్తాన్ని 2తో భాగించాలని, అంటే య + 3 అని, అంకెలతో ముందే చూసి ఉండాలి: (4 + 6)/2 ఐదా, ఎనిమిదా?

పాత పాఠాలు మళ్ళీ నేర్పడానికి ‘ఇంటెన్సివ్’ అని 40 పీరియడ్లు చేతికొస్తే నా పంపకం: పూర్ణ సంఖ్యలు 9, భిన్నాలు 12, నిష్పత్తి-శాతం 5, ‘=’ అర్థం, విభాగ న్యాయం (2(య + 3) = 2య + 6 లాంటిది), సజాతి పదాలు (2య, 3య లాంటివి) కలిపి 6. సమీకరణాలకి చివరి 8 చాలు.

ఫౌండేషన్_సార్:
మేడం, భిన్నాలకి 12 పీరియడ్లా! అది ఐదో తరగతి పాఠం.

మాస్టారు నా ప్రశ్నకి ఇంకా జవాబివ్వలేదు. –8 తక్కెడలో ఎలా?

పలక_బలపం:
ఎక్కదు. ఎక్కించను కూడా. త్రాసు ‘=’ని చూపించడానికి, మైనస్‌ని చూపించడానికి కాదు. య + 3 = 8, 2య + 1 = 9, 3య = య + 10 వరకు బొమ్మ. తర్వాత బొమ్మ తీసేసి రెండువైపులా అనే మాట ఉంచుతాం. య – 5 = –8కి రెండువైపులా 5 కలుపు, –8 + 5 సంఖ్యారేఖ మీద చూడు, –3. తక్కెడ ఊసే లేదు.

మీ మూడు ముక్కల సూత్రం సరే. 5 – యలో య ముందున్న మైనస్ గుణకమా, తీసివేతా? పిల్లాడు అక్కడే ఆగుతాడు. రెండువైపులా య కలిపితే 5 = 2 + య, య = 3. గుర్తుల గొడవే లేదు.

ఫౌండేషన్_సార్:
అంటే తక్కెడ సగంలో పనికిరాదని ఒప్పుకున్నట్టేగా. మైనస్‌కి అప్పు అని చెప్పండి, తేలిపోతుంది. బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, ఋణం అన్నాడు.

పలక_బలపం:
కూడికకి అప్పు భేషుగ్గా పనిచేస్తుంది. –7 + 3 అంటే 7 రూపాయల అప్పులో 3 తీర్చాడు. 5 – (–2) కూడా లాక్కురావచ్చు, 2 రూపాయల అప్పు మాఫీ అయింది. (–3) × (–2) దగ్గర అప్పుని అప్పుతో గుణించి లాభం తెప్పించండి చూద్దాం. మీరడిగిన –8 కిలోల లాంటిదే ఇదీ. అక్కడ వరుస రాయించాలి: 2 × (–2) = –4, 1 × (–2) = –2, 0 × (–2) = 0. మెట్టుకి 2 పెరుగుతోంది, కాబట్టి (–1) × (–2) = 2. ‘మైనస్ మైనస్ ప్లస్’ అని పాట నేర్పితే –4 – 6కి కూడా 10 అంటారు.

కొత్తపేట_బస్సు:
పాట కాదు సార్, అది జాతీయగీతం 😄

ఫౌండేషన్_సార్:
ఇలా బొమ్మలు, వరుసలు గీసుకుంటూ కూచుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? తరగతిలో పది పన్నెండు మందికి ఇవన్నీ ఆరులోనే వచ్చేస్తాయి. వాళ్ళు 8 + 4 డబ్బాలు నింపుతూ 40 పీరియడ్లు కూచోవాలా? మీరు చెప్పే ఇంటెన్సివ్ వాళ్ళకి శిక్ష. వాళ్ళకి ఏడులోనే కారణాంక విభజన చెప్పొచ్చు.

హారం_లవం:
చెప్పొచ్చు. మిగతా ముప్పై మందికి ఎవరు చెప్తారు? తెలంగాణలో చదవడం, లెక్కల పునాది కోసం పెట్టిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఐదో తరగతి వరకే. ఆరులోకి 144 ÷ 6 రాకుండా వచ్చిన పిల్లని తర్వాత వెనక్కి తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ. తొమ్మిదిలో బహుపదుల భాగహారం వచ్చినప్పుడు ‘ఈ అమ్మాయికి లెక్కలు రావు’ అని తేల్చేస్తారు. మీరు కోచింగ్‌లో ఏరుకున్న బ్యాచ్‌కి చెప్తారు సార్, ఎంట్రన్స్ పెట్టి మరీ. మాకు ఏరుకునే వీల్లేదు.

ఫౌండేషన్_సార్:
ఫీజు కట్టినవాళ్ళ పిల్లలు పిల్లలు కారన్నట్టుంది.

కొత్తపేట_బస్సు:
గొడవ పక్షాంతరం గురించి అనుకున్నాను ఇప్పటిదాకా. తరగతి గది ఎవరిదనా?

హారం_లవం:
అవును, గది గురించే. అందుకే మొదటి రోజే 20 నిమిషాల పరీక్ష పెట్టమంటాను. మార్కుల కోసం కాదు, ఎవరు ఎక్కడ ఆగారో చూసుకోవడానికి. 7 × 8. 144 ÷ 6. 3/4 + 1/6. 0.3 × 0.2. –7 + 3. –4 – 6. 5 – (–2). 2 + 3 × 4. 240లో 15 శాతం. 8 + 4 = □ + 5. చివర్న మాటల్లో ఒకటి: ప్రతి టీచరుకీ 30 మంది పిల్లలున్నారు, పిల్లల సంఖ్య ప, టీచర్ల సంఖ్య ట, సమీకరణం రాయి.

ఆఖరిది సార్ బ్యాచ్‌లో కూడా పెట్టండి. 30ప = ట అని రాసేవాళ్ళు తగులుతారు. చదివిన వరుసలోనే అక్షరాలు పేరుస్తారు, ప అంటే ‘పిల్లలు’ అనుకుంటారు, ‘పిల్లల సంఖ్య’ అనుకోరు. ట = 2 వేసి చూస్తే ప 60 కావాలి, కాబట్టి ప = 30ట. ‘5మా + 3అ అంటే 5 మామిడి, 3 అరటి’ అని నేర్పిన చోటల్లా ఇది పండుతుంది. కారణాంకాలకి తొందరపడే పిల్లలకి ముందు ఇది కావాలి.

ఫౌండేషన్_సార్:
ఆ ప్రశ్న పెడతాను. 12 పీరియడ్లకి మాత్రం ఒప్పుకోను. ఆరు.

హారం_లవం:
ఆరింటిలో భాగహారం దాకా రారు. ‘తిరగేసి గుణించు’ అని చెప్పేసి ముందుకెళ్తారు, 3/4 ÷ 1/8 అంటే ముప్పావులో అరపావులు ఎన్ని అని అడిగితే ఆరు అని చెప్పలేరు.

ఏడో_తరగతి_అమ్మ:
అన్నీ చదివాను. నా ప్రశ్న అలాగే ఉందండీ.

పలక_బలపం:
క్షమించండమ్మా. మార్కులకి రెండూ చెల్లుతాయి, మెట్లు రాస్తే చాలు. ఏ పద్ధతిలో చేసినా చివర్న ఒక వరుస ఎక్కువ రాయమనండి, వచ్చిన విలువని మొదటి సమీకరణంలో వేసి. –3య = 12కి 4 అని వచ్చిందనుకోండి, –3 × 4 అని వేసుకుంటే –12 వస్తుంది, అక్కడ 12 ఉంది. అప్పుడు పాపే వెనక్కి వెళ్ళి దిద్దుకుంటుంది.