సీటీఎల్‌ఏ-4ను అడ్డుకున్నా టి కణాల్లో తేడా రావట్లేదు, ఎందుకు?

ప్రశ్న: యాంటీ-సీడీ3, యాంటీ-సీడీ28 (టి కణం పైని సీడీ3, సీడీ28 ప్రోటీన్లకు అంటుకుని దాన్ని ఉత్తేజపరిచే యాంటీబాడీలు) పూసిన బీడ్స్‌తో (చిన్న పూసలతో) టి కణాలను 72 గంటలు ఉత్తేజపరిచాను. సీటీఎల్‌ఏ-4ను (టి కణాల ఉత్తేజానికి బ్రేకు వేసే ప్రోటీన్) అడ్డుకునే యాంటీబాడీ కలిపినా ఐఎల్-2 (ఉత్తేజమైన టి కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్) పెరగలేదు. కణం పైన సీటీఎల్‌ఏ-4 స్టెయినింగ్ (రంగు తగిలించిన యాంటీబాడీతో గుర్తించడం) కూడా దాదాపు లేదు. ఈ జీన్ తీసేసిన చిట్టెలుకలు 3-4 వారాలకే చనిపోతాయి కదా, అంత గట్టి బ్రేకు ఇక్కడ ఎందుకు కనబడదు?

జవాబు 1: మీ కల్చర్‌లో ఆ బ్రేకుకు పట్టు దొరకట్లేదండి. సీటీఎల్‌ఏ-4 అంటుకునేది ఎదుటి కణం మీదుండే సీడీ80, సీడీ86 అనే ప్రోటీన్లకు. సీడీ28 కూడా వాటికే అంటుకుంటుంది, కానీ చాలా వదులుగా. ఆ పోటీలోనే బ్రేకు పడుతుంది. బీడ్స్ మీద ఉన్నవి యాంటీబాడీలు, పోటీ పడడానికి లైగాండే (అంటుకునే ఎదుటి ప్రోటీనే) లేదు. బీడ్స్ బదులు సీడీ80, సీడీ86 ఉండే డెండ్రిటిక్ కణాలు (టి కణాలను ఉత్తేజపరిచే రోగనిరోధక కణాలు) పెట్టండి, పది టి కణాలకు ఒకటి చొప్పున మొదలుపెట్టి తగ్గిస్తూ పోండి. అవి ఎక్కువైతే సీడీ86 వెల్లువలో బ్రేకు మునిగిపోతుంది.

ఐఎల్-2తో ఆగకండి. సీటీఎల్‌ఏ-4 ఎదుటి కణం మీది సీడీ80, సీడీ86లను ఊడబెరికి తన లోపలికి లాక్కుని అరిగించేస్తుంది. కాబట్టి డెండ్రిటిక్ కణాలపై సీడీ86 ఎంత తగ్గిందో చూడండి. ఈ పని ముఖ్యంగా ట్రెగ్ కణాలది (మిగతా టి కణాలను అదుపులో ఉంచే టి కణాలు, వీటి మీద సీడీ25 అనే ప్రోటీన్ ఎక్కువ). టి కణాలను వేరుచేసేటప్పుడు సీడీ25 ఉన్నవాటిని తీసేసి ఉంటే, బ్రేకులో పెద్ద భాగం అక్కడే పోయినట్టు.

జవాబు 2: స్టెయినింగ్ సంగతి. సీటీఎల్‌ఏ-4 ఎక్కువగా కణం లోపలి సంచుల్లో ఉంటుంది. పైకి వచ్చినా ఏపీ-2 అనే ప్రోటీన్ దాని తోకను పట్టుకుని నిమిషాల్లో లోపలికి లాగేస్తుంది. ఐసు మీద స్టెయిన్ చేస్తే ఆ క్షణాన పైనున్న కాసినే దొరుకుతాయి. కణాలకు రంధ్రాలు చేసి లోపల స్టెయిన్ చేయండి. లేదా యాంటీబాడీని 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే పైకి వచ్చి వెళ్లేవన్నీ పట్టుబడతాయి. ఐసోటైప్ కంట్రోల్‌నూ (దేన్నీ ప్రత్యేకంగా గుర్తించని, పోలిక కోసం వాడే యాంటీబాడీ) అలాగే ఉంచాలి, లేకపోతే కణం ఊరికే మింగినదంతా సిగ్నల్‌లా కనబడుతుంది.

జవాబు 3: ఇదే పద్ధతిలో పీడీ-1 (టి కణం మీది మరో బ్రేకు ప్రోటీన్) చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. అది తన సొంత కణంలోనే బ్రేకు వేస్తుంది: తోకలోని టైరోసిన్లకు ఫాస్ఫేట్ చేరగానే ఎస్‌హెచ్‌పీ-2 అనే ఎంజైమ్ వచ్చి, పక్కనున్న సీడీ28, టీసీఆర్ (సీడీ3తో కలిసి ఉండే టి కణ గ్రాహకం) సిగ్నళ్ల ఫాస్ఫేట్లను తీసేస్తుంది. ఆ ‘పక్కన’ అన్నదే కీలకం. పీడీ-ఎల్1ను (పీడీ-1కు అంటుకునే లైగాండ్) యాంటీ-సీడీ3తో పాటు అదే బీడ్ మీద పూయాలి, ద్రవంలో కలిపి వదిలేస్తే బ్రేకు పడదు.