సమస్యాపూరణం: ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వు

సమస్య (ఆటవెలది):
తలుపు మూసినంత దారి దొరికె

వస్తువు: పెడల్ వదిలినప్పుడూ ఇంజన్ ఆరిపోకుండా దానికి కాస్త గాలినందించే వాల్వు ఇది.

నియమం: పద్యం చదివి బండి బాగుచేసుకోగలగాలి. ఛందస్సుతో పాటు విషయాన్నీ పరిశీలిస్తాం.

పూరణ 1

పెడలు విడువఁగానె పిస్టను లాగెడు
గాలి యెటులఁ జేరు గదులలోకి?
పక్క సందు తెరచె వాల్వులో సూదియే
తలుపు మూసినంత దారి దొరికె

విమర్శ: మూడో పాదంలో ప–వ అభేదవర్గ యతి, చెల్లుతుంది. "సూదియే"లో ఏకారం పాదపూరణకే వచ్చినా ఇక్కడ బలాన్నిచ్చింది. థ్రాటిల్ పలక (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారికి తలుపు) మూసుకున్నాక పక్క సందులోంచి వెళ్లే గాలిని కొలిచి వదిలేది ఆ సూదే. వేడెక్కిన ఇంజన్ చాలా కార్లలో 650–850 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య నిలుస్తుంది. ఏసీ వేయగానే సూది వెనక్కి జరిగి మరికాస్త గాలినిస్తుంది. సందులో మసి పేరుకుంటే ఆ కాస్తా అందక, బండి ఆపిన చోటల్లా ఇంజన్ ఆరిపోతుంది.

పూరణ 2

వేగమెక్కి దిగక వీరంగమాడగా
సందు బిగియ మూసి చప్పుడు విన
తగ్గలేదు జోరు, తప్పు వేరొకచోట
తలుపు మూసినంత దారి దొరికె

విమర్శ: అభినందనలు! తలుపంటే సందు, దారంటే లోపం జాడ. సమస్యకు కొత్త అర్థం పుట్టింది. పరీక్ష కూడా సరైనదే. ఇంజన్ వేడిగా నడుస్తుండగా గాలిగొట్టం విప్పి, పలకకు ముందున్న పక్క సందు రంధ్రాన్ని వేలితో మూయాలి. ఆర్‌పీఎం పడిపోవాలి, ఇంజన్ ఆగినా ఆగవచ్చు. పడకపోతే వాక్యూమ్ గొట్టం పగిలిందేమో, మానిఫోల్డ్ గాస్కెట్ (ఇంజన్‌కు గాలి పంచే గొట్టాల అతుకు దగ్గరి సీలు) లీకవుతోందేమో, పెడల్ కేబుల్ బిగుసుకుని పలక పూర్తిగా మూతపడడం లేదేమో చూడాలి. పి0507 కోడ్ (ఐడిల్ వేగం ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉందని కారు కంప్యూటర్ ఇచ్చే లోపసంకేతం) కనబడగానే వాల్వు మార్చేయడం తొందరపాటు. థ్రాటిల్ స్టాప్ స్క్రూ (పలక ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయించే మర) మాత్రం ముట్టుకోవద్దు.

పూరణ 3

మసిని కడుగ వాల్వు మొత్తము ముంచితి
కీని తిప్పి యాపి, కీని తిప్ప
కంప్యుటరుకు సున్న గాన్పించె కొత్తగా
తలుపు మూసినంత దారి దొరికె

విమర్శ: మొదటి పాదంలో మ–మొ యతి చెల్లదు. పని కూడా చెల్లదు! వాల్వును ముంచితే క్లీనర్ మోటారులోకి దిగి గ్రీజును కరిగిస్తుంది, తీగచుట్టలను పాడుచేస్తుంది. "మసిని తుడువఁ జాలు మందు చిల్కిన గుడ్డ" అంటే యతీ వాల్వూ రెండూ నిలుస్తాయి. సూదిని చేత్తో లాగడం, నొక్కడం వద్దు. బిగించేటప్పుడు కొత్త ఓ-రింగ్ (గాలి కారకుండా వేసే రబ్బరు వలయం) వేయండి.

మిగతా మూడు పాదాలు చక్కగా ఉన్నాయి. స్టెప్పర్ (అడుగడుగుగా తిరిగే మోటారు) రకాల్లో సూదిని చివరిదాకా మూసి, అక్కణ్ణుంచే కంప్యూటర్ అడుగులు లెక్కపెట్టుకుంటుంది. కీ ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు తిప్పాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. తుడిచినా మారకపోతే ప్లగ్గు విప్పి మల్టీమీటర్ పెట్టండి. నాలుగు పిన్నుల జీఎం (జనరల్ మోటార్స్) వాల్వుల్లో ఒక్కో చుట్టకు 40–80 ఓమ్‌లు రావాలి. రెండు చుట్టల మధ్య అసలు విద్యుత్ కలయిక ఉండకూడదు.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ కార్లలో ఈ వాల్వు ఉండదు. అక్కడ మోటారే పలకను కాస్త తెరిచి పట్టుకుంటుంది. వచ్చే సమస్య దాని మీదే:

తలుపు తెరిచి యుంచి తాళమేసె