అరిటాకు బంతిలో పెంపకం ఎక్కడ కనిపిస్తుంది?

ప్రశ్న – వంగతోట (ఇక్కడా, కింద విడి వరసల్లోనూ ఉన్నవి రాసినవాళ్ల కలం పేర్లు)

అబ్బాయి వాళ్లది తణుకు వైపు, అమ్మాయి వాళ్లది కరీంనగర్. నిశ్చితార్థం అమ్మాయి ఇంట్లోనే. అటూ ఇటూ కలిపి 60 మంది. బఫే వద్దు, అరిటాకులేసి బంతి భోజనాలు పెడదామని పెద్దవాళ్లు తేల్చారు. ఇక అక్కణ్ణుంచి మొదలైంది. ఇల్లు ఎలాంటిదో వడ్డనలో తెలిసిపోతుందని తణుకువాళ్లంటారు. అండీ అండీ అనుకుంట తింటే పెంపకం ఉన్నట్టా అని కరీంనగర్ వాళ్లంటారు.

అసలు బంతిలో జనం ఏం చూస్తారు? ఎక్కడ తప్పు పడతారు? వాటిలో నిజంగా పట్టించుకోవలసినవి ఏవి, వదిలెయ్యదగినవి ఏవి? కొలతలూ మనుషుల లెక్కా కూడా చెబితే మేలు.

రెండోమారు

ముందు వడ్డన సంగతి చూద్దాం. సగం పరువు అక్కడే పోతుంది.

60 మందినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. 30 చొప్పున రెండు బంతులు చెయ్యండి. ఎదురెదురు వరసలైతే మధ్యలో కనీసం నాలుగడుగులు వదలాలి. సాంబారు బకెట్టుతో వంగినవాడి వెనకనుంచి ఇంకొకడు దాటాలి కదా. 30 ఆకులకి ఐదుగురు వడ్డించేవాళ్లు చాలు. ఎనిమిది మంది దిగితే ఒకరి కాళ్లకి ఒకరు అడ్డం.

ఆకు కొస తినేవాళ్ల ఎడమ చేతి వైపుకి రావాలి, వెడల్పు భాగం కుడి వైపుకి. కలుపుకునేది కుడి చేత్తో, చోటు అక్కడే కావాలి. అడ్డంగా ఉండే ఈనెకి పైన కూరలు, పచ్చళ్లు, ఊరగాయ, ఉప్పు. కింది సగం అన్నానికి. ఆకులు ముందురోజే కోయిస్తే తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి, లేకపోతే వేసేసరికి ఈనె దగ్గర చీలి చారు కిందికి కారుతుంది. 70 ఆకులు తెప్పించండి, చిరిగినవి పోను సరిపోతాయి.

సరుకు లెక్క: బియ్యం తలకి 110 గ్రాములు, పులిహోరది కూడా అందులోనే, మొత్తం 6.6 కిలోలు. కందిపప్పు 30 గ్రాముల చొప్పున రెండు కిలోలకి కాస్త తక్కువ. నెయ్యి 15 గ్రాములు, అంటే 900. పెరుగు ఏడున్నర లీటర్లు. మాంసం ఉంటే పప్పు తగ్గించుకోవచ్చు, అన్నం తగ్గించకండి.

వరస మా వైపు ఇలా ఉంటుంది: తీపి, పులిహోర, కూరలు, పచ్చళ్లు ముందే ఆకు మీద ఉంటాయి. అందరూ కూర్చున్నాక అన్నం, పప్పు, నెయ్యి. తర్వాత పులుసో సాంబారో, చారు, చివర పెరుగు. నెయ్యి పట్టుకున్నవాడు పప్పువాడికి ఐదారు ఆకులకి మించి వెనకబడకూడదు. ఎందుకంటే నెయ్యి రాకుండా కలపరు, కలపకుండా అన్నం చల్లారిపోతుంది.

అందరూ చేసే తప్పు ఒకటుంది. ప్రతిసారీ బంతి మొదట్నుంచే వడ్డిస్తారు. మూడు విడతలయ్యేసరికి మొదట్లో ఉన్నవాళ్లు పెరుగన్నం ముగించి చెయ్యి ఎండబెట్టుకుంటుంటారు, చివరివాళ్లు ఇంకా సాంబారు కోసం చూస్తుంటారు. మారు వడ్డన చివర్నుంచి మొదలెడితే ఇది సర్దుకుంటుంది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పరవాలేదు" అనే సామెత ఊరికే పుట్టలేదు. వడ్డించేవాడు తనవాళ్ల దగ్గర ఆగి గరిటె రెండుసార్లు ముంచడం బంతంతా చూస్తుంది.

హస్తంతో, అంటే అన్నం గరిటెతో వడ్డించేటప్పుడు అది ఆకుకి తగలకూడదు. చారు రెండంగుళాల ఎత్తునుంచే పొయ్యాలి. పైనుంచి పోస్తే పక్కవాళ్ల పట్టుపంచె మీద చింది, ఆ మరక పదేళ్లు చెప్పుకుంటారు. వంటింట్లోంచి "కూర అయిపోయింది" అని అరవడం కూడా వద్దు. నిండుకుంది అంటే చాలు, విన్నవాడికి అర్థమవుతుంది.

చెరువుగట్టు

మా దిక్కు సంగతి జర చెప్తా, ఎక్కువ గొడవ గిక్కడనే అయితది.

కరీంనగర్ ఇండ్లల్ల చానామంది పెద్దమనుషులనూ ప్రేమతోని "నువ్వు" అంటరు. మేనత్తను "తిన్నవా అత్తా?" అని అడుగుడు మర్యాద తక్వై కాదు, దగ్గరితనం. కోస్తా చుట్టాలకు అది చెంపమీద కొట్టినట్టు వినబడ్తది. అట్లనే వాళ్లు ప్రతి మాటకు "అండీ" తగిలిస్తే మావోళ్లకు "వీళ్లు మనల్ని పరాయోళ్లను చేస్తున్రు" అనిపిస్తది. రెండు దిక్కులా పెంపకం మంచిదే, లెక్కలే వేరు. ఉపాయం ఒక్కటే. అవతలి కుటుంబంతోని మొదటి రోజు అందరూ "మీరు" వాడాలె. "రాండ్రి, కూసోండ్రి, మంచిగ తినుండ్రి" అంటే తణుకోళ్లకూ మర్యాదనే వినబడ్తది, మా నోటికీ అలవాటే. వరస కుదిరినంక "నువ్వు" లోకి దిగొచ్చు, కానీ పెద్దోళ్లు దిగినంకనే చిన్నోళ్లు.

ఇంకో ముచ్చట మటన్ గురించి. చానా ఇండ్లల్ల అది లేకుంటే దావత్ లెక్కల వెయ్యరు. అవతలోళ్లల్ల ముట్టనోళ్లు ఉంటే వాళ్లను వేరే బంతి చెయ్యకుండ్రి, అది ఎలేసినట్టు ఉంటది. అదే వరుసల ఒక కొసకు వాళ్లందరినీ పక్కపక్కన కూసోబెట్టి, మటన్ బకెట్ అక్కడికి రాకముందే వెనకకు తిరగాలె. గరిటెలు కలవొద్దు, వడ్డించే మనిషి కూడా వేరే ఉంటే ఇంక మంచిది.

ఇత్తడిచెంబు

తినేవాళ్ల వైపు నుంచి కొన్ని.

బంతి మొత్తానికి అన్నం పడేదాకా చెయ్యి పెట్టకూడదు. ఇది చాలా ఊళ్లలో, చాలా ఇళ్లలో పట్టించుకునేదే. ఉపనయనమైనవాళ్లు ఔపోసన (తినేముందు మంత్రం చెప్పి అరచేతిలో నీళ్లు పుచ్చుకోవడం) పట్టే ఇళ్లలో ఆ ఒక్క నిమిషం మిగతావాళ్లూ ఆగుతారు. మనకా అలవాటు లేకపోయినా నష్టమేముంది?

కలుపుకోవడం వేళ్లతోనే సాగాలి, అరచేతికి అంటకూడదు. చారుకైతే అన్నం మధ్యలో గుంట చేసి పోయించుకుంటారు, ముందు అంచున కట్ట కట్టినట్టు ఉంచి లోపలివైపు నుంచి కలుపుతారు. ఇది రానివాడి చారు ఈనె వెంబడి పరుగెత్తి తొడ మీదికి వస్తుంది. బంతిలో అనుభవం ఉందా లేదా తెలిసే ఖచ్చితమైన చోటు ఇదే. కానీ అది అలవాటు లెక్క, సంస్కారం లెక్క కాదు. కంచంలో తిని పెరిగినవాళ్లకి రాకపోతే నవ్వకండి, ఒక గిన్నె ఇవ్వండి.

గ్లాసు ఎడమ చేత్తో ఎత్తి తాగడం బంతిలో మామూలే, కుడి చెయ్యి ఎంగిలి కాబట్టి. ఆ ఎంగిలి చేత్తో వడ్డించే గరిటె పట్టుకోవడమే అసలు తప్పు. పక్కవాళ్లకి ఏదైనా అందించాలన్నా, మీరు అందించకండి, వడ్డించేవాళ్లని పిలవండి.

వద్దు అనడంలో కూడా భాష ఉంది. మొదటి "వద్దు" మొహమాటం, అందరికీ తెలుసు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారంటే నిజంగా వద్దని. అప్పుడు కూడా వేళ్ల సందుల్లోంచి బూరె జారవిడిచే మారాజులున్నారు. అది ఆప్యాయత అనుకుంటారు గానీ, షుగరున్న మనిషికి ఆ బూరె తినలేక, ఆకులో వదలలేక నరకం. రెండుసార్లు అడగండి, మూడోది అక్కర్లేదు.

లేచేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఇంకా తింటుంటే ఆగాలి. తప్పకపోతే "మీరు నిదానంగా కానివ్వండి" అని చెప్పి లేవాలి. ఆకు మడవడం గురించి తెగ కొట్టుకుంటారు. తమ వైపుకి మడిస్తే మంచిదని, ఎదుటికి మడిస్తే అశుభమని కొన్ని ఇళ్లలో పట్టింపు. అసలు మడవని ఇళ్లూ బోలెడు. అందుకని ఇంటివాళ్లు ఏం చేస్తే అదే చెయ్యడం క్షేమం.

కడబంతి

పై మాటలన్నీ సరే, కానీ వాటిలో రెండు రకాలు కలిసిపోయాయి. ఎదుటివాడి సుఖం చూసేవి కొన్ని: ఆగడం, చిందకుండా పొయ్యడం, వద్దంటే వినడం. మిగతావి ఏ ఇంట్లో పుట్టావో పట్టిచ్చే గుర్తులు: ఔపోసన, ఆకు మడత, చారు గుంట. మనవాళ్లు "పెంపకం" అని మార్కులేసేది ఎక్కువగా ఈ రెండో రకానికే. అదే బాధ.

బంతి అనేదానికి చరిత్ర ఉంది. పంక్తి బాహ్యుడు అన్న మాట మన భాషలోనే ఉంది, ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో చెప్పడానికి. అందుకే సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టించారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా కులాలన్నిటినీ కలిపి కూర్చోబెట్టింది ఇందుకే. హోటళ్లలో అంటరానితనం పేరుతో వేరే గ్లాసు పెట్టడం 1955 చట్టం కిందే నేరం, ఆ చట్టానికే 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మారింది. ఇంటి పెరట్లో పనిమనిషికి విడిగా బోర్లించి పెట్టిన స్టీలు గ్లాసు మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ అలాగే ఉంది. నిశ్చితార్థం రోజున చూడాల్సింది ఆ గ్లాసుని.

పని చెయ్యాలంటే ఇవి చెయ్యండి. తణుకు నుంచి వచ్చే బళ్ల డ్రైవర్లు ఎంతమందో ముందే అడిగి, ఆ ఆకులు లెక్కలో కలపండి. వాళ్లని మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి, రాత్రంతా బండి తోలాలి కదా. వంటవాళ్లకి, గిన్నెలు తోమేవాళ్లకి అడుగంటిన కూర కాకుండా ముందే తీసి పక్కన పెట్టండి. వాళ్లలో వయసులో పెద్దవాళ్లని "ఏయ్" అని పిలవకండి. ఎంగిలాకులు ఎత్తేవాళ్లకి చేతి తొడుగులు, రెండు పెద్ద బుట్టలు ఇవ్వండి. ఆకుల్లో ప్లాస్టిక్ కప్పులు, పళ్ల పుల్లలు కలవకుండా చూస్తే ఆ ఆకులు పశువులకి పనికొస్తాయి.

వంగతోట

అందరికీ థాంక్సండి, డ్రైవర్ల లెక్క మేము అసలు వెయ్యలేదు. 70 ఆకుల్ని 80 చేస్తాం. ఇంకొక్కటే. తాంబూలాల దగ్గర పెద్దమ్మ ఒకరు ఉన్నారు, భర్త పోయారు. ఆవిడకి బొట్టు పెట్టొచ్చా అని ఇక్కడ చర్చ నడుస్తోంది.

రెండోమారు

ఆవిడ ముందు ఆ చర్చ జరగకుండా చూడండి, మొట్టమొదట అది. ముందురోజే ఇంట్లో దగ్గరివాళ్లెవరైనా ఒంటరిగా ఉన్నప్పుడు "మీకు ఎలా ఇష్టం?" అని అడగాలి. తీసుకుంటానంటే అందరితో పాటే ఇవ్వండి. పసుపు కుంకుమ వద్దంటే తమలపాకులు, వక్క, పళ్లు, చీరో జాకెట్టు గుడ్డో అన్నీ అదే పళ్లెంలోంచి, అదే వరసలో ఇవ్వండి. కుంకుమ భరిణె పట్టుకున్న పిల్లకి ముందే చెప్పి ఉంచండి, ఆవిడ దగ్గరికొచ్చి ఆగి ఎవరి మొహమో చూడకుండా.

సాగనంపేటప్పుడు వాళ్లు "వెళ్లొస్తాం" అంటే మీరు "మంచిదండి, వెళ్లిరండి" అనాలి, గేటు దాకా వెళ్లి బండి కదిలే వరకు నిలబడాలి. కరీంనగర్ నుంచి తణుకు దూరం కాబట్టి దారికి నీళ్ల సీసాలు, మిగిలిన పులిహోర కట్టివ్వండి. మధ్యాహ్నం మూడు దాటితే పెరుగన్నం కట్టకండి, పులుస్తుంది.